కంప్యూటరు – అకారాదిక్రమము



ఈ సాయంకాలము నేను ముచ్చటింపనున్న విషయము కంప్యూటరునందు పేర్లను అకారాదిగా వరుసపెట్టుట. ఇది పట్టణములందలి యువకుల పని గదా, మనకేల యని మీరు తలపవచ్చును. కాని భూమి లెక్కలు, ధాన్యపు లెక్కలు, పింఛనుల జాబితాలు, సహకార సంఘపు అప్పుల పద్దులు నేడు కంప్యూటరునుండియే వెలువడుచున్నవి. ఆ జాబితాలో మన పేరును ఎచ్చట వెదకవలెను? వెదకినను కానరానిచో ఏమని యడుగవలెను? ఈ రెండు ప్రశ్నలకు సమాధాన మెరిగిన పెద్ద యొకడు ఊరనున్నచో పదిమందికి మేలు కలుగును. ఆ తలంపుతోనే ఈ ప్రసంగమునకు పూనుకొంటిని.

మొదట జరిగిన సంగతి చెప్పెదను. కోతలైన పిమ్మట మా ప్రాంతమున నొక కార్యాలయమువారు, ధాన్యము అమ్మి డబ్బు పొందవలసిన రైతుల జాబితాను గోడకంటించిరి. వేయికి మించిన పేర్లు. అన్నియు అకారాదిగా నున్నవి. పైడయ్య యను వృద్ధుడు, నా చిన్ననాటి సహాధ్యాయి, చదువ నేర్చినవాడే, తన పేరుకొరకు 'పై' అను అక్షరము గల చోట చూచెను. లేదు. లోనికి పోయి గుమాస్తా నడిగెను. ఆయన మీటలు నొక్కి చూచి, ఆ పేరు తమ లెక్కలలో లేదనెను. మూడు దినములు గడచిన తరువాత మరల పోయెను. మరల అదే మాట. అప్పుడు మా యింటికి వచ్చి, అరుగుమీద కూర్చుండి, "పంతులూ, వడ్లు తూచుకొన్నారు, చీటీ ఇచ్చారు. ఇప్పుడు నేనే లేనంటున్నారు" అని ఊరకుండెను.

మరునాడు నేనును వెంటబోయితిని. బడిలో పిల్లల వ్రాతలను దిద్దిన అలవాటుచేత మొదటి పేరునుండి వ్రేలు పెట్టి చదువుచు వచ్చితిని. పెంటయ్య, పెద్దన్న, పెద్దిరాజు. ఆ వెంటనే మా పైడయ్య! అతని తరువాత పేరమ్మ, పేరయ్య మొదలగువారు ఒక పుట నిండ నున్నారు. వారందరి కడపట పైడిరాజను వేరొక రైతు తన చోటనే యున్నాడు. మా పైడయ్య పేరు జాబితాలో నున్నది. ఉండవలసిన చోట మాత్రము లేదు.

గుమాస్తా మంచివాడే. ఆయన ఒక ఉపాయము చెప్పెను. "పంతులుగారూ, పేరును పయిడయ్య అని మార్చి వ్రాసేస్తాను. అప్పుడు వెదికితే దొరుకుతుంది" అనెను. నేను వలదంటిని. ఏలయన, పట్టాదారు పాసు పుస్తకములోను, బ్యాంకు పుస్తకములోను 'పైడయ్య' యనియే యున్నది. ఇచ్చట ఒక్క అక్షరము మారినచో అచ్చట డబ్బు నిలిచిపోవును. వలదని చెప్పితిని గాని, వలసిన దేమో అప్పుడు నాకును తెలియదు. ఈ విద్య నెరిగిన యువకుల నడిగి, పిదప నేను తెలిసికొన్నదానిని మీకు వివరించెదను.

కంప్యూటరునకు అక్షరములు తెలియవు, సంఖ్యలే తెలియును. కనుక ప్రతి యక్షరమునకును ఒక సంఖ్య నిచ్చి, ఆ సంఖ్యల రూపముననే పేర్లను దాచుకొనును. ప్రపంచమునందలి లిపుల కన్నిటికిని ఇట్లు సంఖ్యలను పంచిపెట్టిన యేర్పాటునకు యూనికోడు అని పేరు. 1991వ సంవత్సరమున వెలువడిన దాని తొలి కూర్పునందే తెలుగునకు చోటు దొరకినది. 3072 మొదలు 3199 వరకు నున్న 128 గడులు మన లిపివి. అందు అకారమునకు 3077, కకారమునకు 3093, మకారమునకు 3118, హకారమునకు 3129. దీర్ఘము, గుడి, కొమ్ము మొదలగు గుణింతపు గుర్తులకును వేరు వేరు సంఖ్యలు కలవు. పొల్లునకు 3149.

మనము వరుసపెట్టుమనినపుడు, వేరే కట్టడి యేదియు చేయనిచో, యంత్రము మొదటి గడియందలి సంఖ్యలను పోల్చును. అవి సమానమైనచో రెండవ గడిని, అదియు సమానమైనచో మూడవ గడిని చూచును. చిన్న సంఖ్య ముందు, పెద్ద సంఖ్య వెనుక. దాని తెలివి యంతే. అయినను చాలచోట్ల వరుస సరిగానే వచ్చును. కమల, కాశి, కౌసల్య, క్షమ అను నాలుగు పేర్లు ఈ క్రమముననే వచ్చును. ఇచ్చట మీరొకటి గమనింపవలెను. బడిలో మనము క్షకారమును అక్షరమాల కడపట నేర్చితిమి. యంత్రమునకు అది కకారము, పొల్లు, షకారము అను మూడు గుర్తుల కూడిక. కావున క్షకారముతో మొదలగు పేరును హకారము తరువాత వెదకరాదు. కకారముననే, కౌ తరువాత వెదకవలెను. నిఘంటువులు చూచు అలవాటుగలవారికి ఇది క్రొత్త కాదు.

ఇక వరుస ఎచ్చట చెడునో చూతము.

మొదటిది మా పైడయ్య కథ. 'పై' అను అక్షరమును వ్రాసి చూడుడు. పకారముపైన ఎత్వము, క్రింద మరియొక గుర్తు. యూనికోడునందు ఐత్వ మంతటికిని 3144 అను ఒకే సంఖ్య కలదు. అట్లుగాక ఎత్వమునకు 3142, ఆ క్రింది గుర్తునకు 3158 అని రెండు సంఖ్యలును కలవు. ఒకటిగా వ్రాసినను, రెండు ముక్కలుగా వ్రాసినను తెరమీదను కాగితముమీదను కనబడు రూపమొక్కటే. యంత్రమునకు మాత్రము అవి రెండు వేరు మాటలు. మా పైడయ్య పేరు రెండు ముక్కలుగా నిలిచియుండెను. కాబట్టి యంత్రము దానిని 'పె' గల పేర్లలోనిదిగా నెంచి, వాని చివర చేర్చెను. గుమాస్తా మీటలతో వ్రాసినది ఒకే ముక్కగల ఐత్వము. ఆ రెండును సరిపోలలేదు గనుకనే పేరు లేదనెను. ఇందు గుమాస్తా దోషము లేదు, రైతు దోషమును లేదు.

అట్టి ముక్కలు ఎట్లు వచ్చెను? యూనికోడు వ్యాపించుటకు ముందు తెలుగు ముద్రణకై చేసిన ఫాంట్లు అనేకము కలవు. వానిలో తెలుగక్షరములకు సొంత సంఖ్యలు లేవు. ఇంగ్లీషు అక్షరముల సంఖ్యలకే తెలుగు బొమ్మలను తొడిగిరి. తలకట్టు వేరు, ఒడలు వేరు, వత్తు వేరు. కంటికి చక్కని తెలుగే. లోపల మాత్రము ఇంగ్లీషు గుర్తుల కలగాపులగము. అట్టి జాబితాను వరుసపెట్టుమనినచో అకారాది రానేరదు. కనుక పాత పద్దులను యూనికోడునకు మార్చుచున్నారు. ఆ మార్పును చేయు సాధనము జాగరూకత లేనిదైనచో, పాత ముక్కలను కలుపక ముక్కలుగానే తెచ్చిపెట్టును. మా ఊరి జాబితాలో జరిగినది ఇదియే.

రెండవది కంటికి కనబడని గుర్తు. రాజ్‌కుమార్ అను పేరులో జకారపు పొల్లును విడిగా నిలుపవలెననిన, ఆ పొల్లునకు తరువాత ఒక గుర్తు నుంచుదురు. అది లేనిచో కకారము క్రిందికి దిగి వత్తు అగును. దాని సంఖ్య 8204; మన యక్షరములన్నిటి సంఖ్యలకంటె మిక్కిలి పెద్దది. అందుచేత రాజ్‌కుమార్ అను పేరు రాజ్యలక్ష్మికి తరువాత పడును. యకారముకంటె కకారము ముందని బడిపిల్లవా డెరుగును; యంత్రము ఎరుగదు.

మూడవది అంకెల చిక్కు. ఇది రైతులకు ముఖ్యము. 9, 85, 124, 1003 అను నాలుగు సర్వే నంబర్లను అక్షరములవలె వ్రాసియుంచి వరుసపెట్టుమనినచో, యంత్రము 1003, 124, 85, 9 అని సరిగా తలక్రిందులు చేయును. మొదటి గడిలో ఒకటి, ఎనిమిది, తొమ్మిది అనియే చూచును గాని వేయి, నూరు అని చూడదు. 124/2 వంటి ఉపవిభాగములు గల నంబర్లను తరచుగా అక్షరములవలెనే దాచుదురు గనుక ఈ చిక్కు తరచుగా వచ్చును.

నాలుగవది పాత వ్రాతకును క్రొత్త వ్రాతకును గల భేదము. తాతలనాటి దస్తావేజులలో అరసున్నలును బండి ఱలును నుండును. మనుమల దరఖాస్తులలో నుండవు. అరసున్న సంఖ్య 3073. అది యక్షరములన్నిటికంటె చిన్నది గనుక, అరసున్న గల పేరు అది లేని పేరునుండి దూరముగా తొలగి ముందునకు పోవును. ఒకే యింటివారి పేర్లు రెండుచోట్ల పడును.

వరుస అనునది ప్రయోజనమునుబట్టి యేర్పడునని మన పూర్వు లెరుగుదురు. పాణిని తన వ్యాకరణమునకు ముందుంచిన పదునాలుగు సూత్రములలోని అక్షరక్రమము ఓనమాల క్రమము కాదు. అందు హకారము రెండుమార్లు వచ్చును. సూత్రములు క్లుప్తముగా నుండుటకు ఆ వరుస కావలసివచ్చెను. అమరకోశము కంఠస్థము చేయుటకై యేర్పడినది గనుక, అకారాదిగా గాక దేవతలు, భూమి, పురము, వనౌషధులు అను వర్గములుగా కూర్పబడినది. పుట త్రిప్పి మాటను వెదకుట ప్రయోజనమైనపుడు అకారాది వచ్చెను. 1852లో వెలువడిన బ్రౌనుదొర నిఘంటువును, 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరమును అట్టివి.

అన్యదేశములలోను ఇంతే. జర్మను భాషలో కొన్ని అచ్చులపై రెండు చుక్కలు పెట్టుదురు. నిఘంటువులలో ఆ చుక్కలు లేనట్లే యెంచి మాటలను వరుసపెట్టుట వారి యొక మర్యాద. మనుష్యుల పేర్ల జాబితాలలో చుక్కలకు బదులు ఇంగ్లీషు 'ఇ' అక్షరము ప్రక్కన చేరినట్లు భావించుట మరియొక మర్యాద. ఒకే భాషకు రెండు వరుసలు, రెండును ఒప్పే. స్వీడను దేశమువారు చుక్కలుగల యక్షరములను తమ యక్షరమాల కడపట నుంచుదురు. స్పెయిను భాషవారు రెండు జంట యక్షరములను వేరు అక్షరములుగా నెంచి నిఘంటువులలో విడిగా నిలుపుచుండిరి. 1994లో వారి భాషాపరిషత్తులు కూడి ఆ పద్ధతిని విడిచినవి. యంత్రమునకు వదలినచో చుక్కలుగల యక్షరములన్నియు ఇంగ్లీషు 'జెడ్' తరువాత పడును. వరుస సంఖ్యలలో లేదు, ఆ భాష మాటలాడు జనుల మర్యాదలో నున్నది. దానిని మనమే యంత్రమునకు చెప్పవలెను.

చెప్పుట యెట్లు? పేరును మార్చి చెప్పరాదు. పేరు ప్రక్కన వేరొక సూచిని వ్రాసి చెప్పవలెను. హాజరుపట్టీని తలచుకొనుడు. పిల్లవాని పేరు సిరాతో వ్రాసియుండును. ఉపాధ్యాయుడు తన సౌకర్యమునకై అంచున పెన్సిలుతో ఒక గుర్తు పెట్టుకొనును. పేరు పేరుగానే యుండును. గుర్తు పంతులకు మాత్రమే. కంప్యూటరునందును అట్లే చేయవచ్చును. పేరు గల గడి ప్రక్కన కంటికి చూపని మరియొక గడి నుంచవలెను. దానిని క్రమసూచి యందము. అందు పేరును కొన్ని మార్పులతో వ్రాయవలెను. కనబడని గుర్తులను తీసివేయవలెను. అరసున్నను విడువవలెను. బండి ఱను సాధు రేఫగా మార్చవలెను. చుక్కలను, అనవసరమైన ఖాళీలను తొలగింపవలెను. సర్వే నంబరైనచో ముందు సున్నలు చేర్చి 9ని 0009గాను, 85ను 0085గాను వ్రాయవలెను. అప్పుడు అక్షరములవలె పోల్చినను అంకెల వరుస చెడదు.

జాబితాలను దాచు కోశమును డేటాబేసు అందురు. దానిని ప్రశ్నించు భాషలో 'ఆర్డర్ బై' అను ఆజ్ఞ కలదు. దేనినిబట్టి వరుసపెట్టవలెనో దాని ప్రక్కన చెప్పుదురు. పేరునుబట్టి యనక క్రమసూచినిబట్టి యనినచో చాలును. వరుస సూచినిబట్టి వచ్చును, కాగితముమీద అసలు పేరే అచ్చగును. అదే భాషలో 'కొలేట్' అను మాట చేర్చి, ఏ భాషవారి వరుస కావలెనో చెప్పుటకును వీలుకలదు. ఇందువలన వరుస బాగుపడును గాని వెదకుట కూడ బాగుపడునని నమ్మరాదు. వెదకునపుడు గుమాస్తా వ్రాసిన పేరునకును అదే విధముగ సూచి చేసి, సూచిని సూచితో పోల్చవలెను.

ఐత్వపు రెండు ముక్కల మాట వేరు. 3142, 3158 అను జంటయు 3144 అను సంఖ్యయు సమానమని యూనికోడువారే శాసించిరి. కావున పేరును దాచునపుడే ముక్కలను కలిపి ఒకే రూపమున నుంచవచ్చును. ఇది పేరు మార్చుట కాదు. చదువువానికి ఒక్క గీతయైనను మారదు.

సూచిలో చేసిన మార్పులనే పేరులో చేసినచో తప్పేమని కొంద రడుగుదురు. వ్యాకరణము చదివిన మనకు సమాధానము తెలియును. అరసున్నతో 'ఏఁడు' అనిన సంవత్సరము. అరసున్న లేని 'ఏడు' అనిన ఆరు తరువాతి సంఖ్య. 'అర' యనిన సగము; బండి ఱతో 'అఱ' యనిన గది. సూచిలో ఈ జంటలు ఒకటిగా కలిసిపోవును. కలిసి ప్రక్కప్రక్కన నిలుచుటయే మనకు కావలసినది. అసలు మాటలోను కలిపివేసినచో, ఏది యేదియో మరల విడదీయుట కెవ్వరికిని సాధ్యము కాదు. సూచిని చెరిపి మరల చేసికొనవచ్చును. చెరిగిన పేరు తిరిగి రాదు. సూచులు సమానమైనపుడు మాత్రము అసలు పేర్లను చూచి ముందువెనుకలు నిర్ణయింపుమని యంత్రమునకు చెప్పినచో ఆ సూక్ష్మభేదమునకును న్యాయము జరుగును.

మా ఊరి కథకు ముగింపు చెప్పెదను. ఈ పని యెరిగిన యువకుడొకడు ఆ కార్యాలయమునకు వచ్చి, జాబితా నంతటిని ఒకే రూపమునకు తెచ్చెను. మా పైడయ్య తన చోటికి చేరెను. అతనితోపాటు సైదులు, మైసయ్య, కైలాసము మొదలగువారును కదలి తమ తమ తావులకు వచ్చిరి. వారిలో ఒకరిద్దరు తమ పేరు లేదనుకొని అడుగుటయే మానుకొనియుండిరి. పాసు పుస్తకమునందలి పేరును జాబితాయందలి పేరును ఒక్కటే గనుక డబ్బునకు ఆటంకము కలుగలేదు. ఆనాడు 'పయిడయ్య' యని మార్చియుండినచో, వరుసలో పేరు దొరకెడిది, బ్యాంకులో తప్పెడిది.

కావున పెద్దలకు నా మనవి యిది. జాబితాలో పేరు తన చోట లేనిచో ఇంటికి మరలి రావలదు. ముందు పుటయు వెనుక పుటయు చూడుడు. ఐత్వము గల పేరైనచో ఎత్వము గల పేర్ల చివర చూడుడు. పొల్లుతో విడిగా వ్రాయు పేరైనచో ఆ గుంపు కడపట చూడుడు. సర్వే నంబరైనచో మొదటి అంకెనుబట్టి వెదకుడు. అప్పటికిని కానరానిచో, పేరుతో గాక చీటీ నంబరుతోనో పాసు పుస్తకపు నంబరుతోనో వెదకుమని గుమాస్తాను మర్యాదగా నడుగుడు. అంకెలకు ఐత్వములు లేవు. పేరు దొరకిన తరువాత, అది ఎందుకు తప్పిపోయెనో పైవారికి వ్రాయుమని కోరుడు. మీ పేరుతోపాటు మరి కొందరివియు బాగుపడును. పేరులో అక్షరము మార్చెదమనిన మాత్రము ఒప్పుకొనవలదు. వరుసను మార్చుకొనుడు, పేరును మార్చవలదు అని చెప్పుడు.